తీసేయగలిగిన వేషం

జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ నుంచి ఒకవైపు వెళ్తే ఫిల్మ్‌నగర్, ఇంకోవైపు కిందికి దిగితే కృష్ణానగర్. సినిమాల్లో కనబడేవాళ్ళు పైన, కనబడనివాళ్ళు కింద. పొద్దున్నే కృష్ణానగర్ మలుపుల్లో జూనియర్ ఆర్టిస్టులు ఏజెంట్ల కోసం నిలబడి ఉంటారు. ఆ మలుపులోంచే యూనిట్ వ్యాన్లు లైట్‌మ్యాన్లని ఎక్కించుకుని కొండెక్కుతాయి. నేను పెరిగింది కింద. పెళ్ళి చేసుకుంది పైన. ఇప్పుడు ఉద్యోగం మాదాపూర్‌లో కాబట్టి రెండింటి మధ్య రోజూ బైక్ మీద తిరుగుతుంటాను.

తెలుగులో ‘అంతస్తు’ అనే మాటకి రెండర్థాలున్నాయి. మేడలో ఒక వరస, సమాజంలో ఒక స్థాయి. మన పాత సినిమాల్లో పెళ్ళి మాట వచ్చినప్పుడల్లా ఎవరో ఒక పెద్దమనిషి ఆస్తీ అంతస్తూ అంటూ మొదలుపెడతాడు. ఆ మాట అంతగా వాడిన సినిమాలు, నిజంగా అంతస్తులు దాటిన పెళ్ళి ఒక్కటైనా చూపించాయా? ఈ ప్రశ్న నాకు తెలుగు సినిమా చూస్తుంటే రాలేదు. ఒక జపాన్ సినిమా చూస్తుంటే వచ్చింది.

*

యసుజిరో ఓజు 1952లో తీసిన ఆ సినిమా పేరుని తెలుగులో చెప్పాలంటే ‘అన్నంలో గ్రీన్ టీ రుచి’ అనాలి. మోకిచి పల్లెటూరి నేపథ్యం నుంచి వచ్చి టోక్యో కంపెనీలో మంచి ఉద్యోగంలో ఉన్నవాడు. భార్య తాయెకో డబ్బున్న ఇంటి పిల్ల. పెద్దలు కుదిర్చిన పెళ్ళి. పిల్లల్లేరు. ఆమె స్నేహితురాళ్ళతో కలిసి మొగుడికి అబద్ధం చెప్పి వేడినీటి బుగ్గల ఊరికి షికారు వెళ్తుంది. అక్కడ అతన్ని మొద్దబ్బాయి అని పేరుపెట్టి నవ్వుకుంటుంది. అతను చవక సిగరెట్లు తాగుతాడు, రైల్లో మూడో తరగతిలో వెళ్తాడు, అన్నంలో పులుసు పోసుకుని జుర్రుతాడు. ఆమెకి కంపరం. తన చిన్నప్పటి అలవాట్లే తనకి హాయిగా ఉంటాయని అతను నెమ్మదిగా చెప్తాడు. సంజాయిషీలా కాదు, ఉన్న సంగతి చెప్పినట్టు.

ఆ జుర్రడం దగ్గర ల్యాప్‌టాప్‌లో సినిమా ఆపేశాను. మజ్జిగన్నం తిన్నాక పళ్ళెం వంచి చివరి గుక్క తాగడం మా ఇంట్లో అందరికీ అలవాటు. పెళ్ళయిన కొత్తలో అత్తగారింట్లో ఆ గుక్కని పళ్ళెంలోనే వదిలేసేవాణ్ణి. ఎవరూ వద్దనలేదు. నాకు నేనే వద్దనుకున్నాను.

ఈ కథకి ఒక పూర్వకథ ఉంది. ఓజు దీన్ని మొదట యుద్ధకాలంలో, 1940 ప్రాంతంలో రాసుకున్నాడు. అందులో భర్త వెళ్ళేది సైన్యంలోకి. యుద్ధానికి వెళ్ళేవాడి ఇంట్లో శుభసూచకంగా ఎర్ర చిక్కుళ్ళన్నం వండాలి గానీ ఈ టీ అన్నమేమిటని సెన్సారువాళ్ళు అభ్యంతరం పెట్టారు. ఓజు స్క్రిప్టుని పక్కన పెట్టేశాడు. పన్నెండేళ్ళ తర్వాత యుద్ధం తీసేసి, భర్తని కంపెనీ పని మీద ఉరుగ్వేకి పంపిస్తూ మళ్ళీ రాశాడు. కథలో ఇంత మార్చినా టీ పోసిన అన్నాన్ని మాత్రం మార్చలేదు. సినిమా అంతా నడిచేది దాని వైపే మరి.

*

అదే 1952లో మద్రాసులో విజయా వారి ‘పెళ్ళి చేసి చూడు’ వచ్చింది. ఎల్.వి. ప్రసాద్ దర్శకుడు, కథ కట్నం గురించి. అప్పటికి తెలుగు సినిమా అంటే మద్రాసే. జూబ్లీహిల్స్ ఇంకా ఒట్టి రాళ్ళ గుట్ట. అక్కడి సహకార గృహనిర్మాణ సంఘం 1960లలో గానీ రాలేదు. అమీర్‌పేట దగ్గర సారథి స్టూడియో మాత్రం అంతకుముందే, 1950ల్లో మొదలైంది. అక్కినేని బంజారాహిల్స్‌లో అన్నపూర్ణ స్టూడియోస్ పెట్టింది 1976లో. ఆ తర్వాత పద్మాలయా, రామానాయుడు స్టూడియోలు, సినిమావాళ్ళ ఇళ్ళు వచ్చి ఫిల్మ్‌నగర్ ఫిల్మ్‌నగర్ అయింది. అంటే మనం ఇక్కడ మాట్లాడుకునే సినిమాలన్నీ ఈ కొండ మీదికి మనుషులు రాకముందువి. కానీ ఈ కొండ మీద ఏ మేడ ఎవరిది, ఎవరింటి పిల్ల ఎవరింటికి వెళ్ళచ్చు అనే లెక్కలు ఆ సినిమాల్లో ముందే వేసి ఉన్నాయి.

ఆ లెక్క ఎలా వేశారో చూద్దాం.

1955లో ‘మిస్సమ్మ’. మళ్ళీ విజయా, మళ్ళీ ఎల్.వి. ప్రసాద్. ఇద్దరు నిరుద్యోగ పట్టభద్రులు ఉద్యోగం కోసం భార్యాభర్తలుగా నటిస్తారు. అతను హిందువు, ఆమె మేరీ, క్రైస్తవ పిల్ల. వేరే మతం, ఇంటి నిండా అప్పు. ఇంతకంటే కష్టమైన ముడి ఏముంటుంది? చివరికి తేలేదేమిటంటే, మేరీ ఎవరో కాదు, వాళ్ళకి ఉద్యోగమిచ్చిన జమీందారుగారి తప్పిపోయిన పెద్దకూతురు మహాలక్ష్మి. ముడి విప్పనక్కర్లేకుండానే మాయమైంది.

1964లో ‘మూగమనసులు’. ఆదుర్తి సుబ్బారావు దర్శకుడు. జమీందారు గారి అమ్మాయి, పడవ నడిపే గోపి. వీళ్ళ మధ్య ఉన్నదానికి పేరు పెట్టడానికి కూడా ఆ జన్మలో ధైర్యం చాలదు. ఇద్దరూ గోదావరిలో కలిసిపోతారు. మళ్ళీ పుట్టి, ఒకరికొకరు తగిన అంతస్తులో కొత్త దంపతులై అదే గోదావరి మీదికి వస్తారు. తెలుగువాళ్ళు గుండెల్లో పెట్టుకున్న సినిమా ఇది, నేనూ పెట్టుకున్నాను. అయినా ఒక్క మాట అనుకోవాలి. ఒక పడవవాడు మేడలో పిల్లని పెళ్ళి చేసుకోవడానికి మనం ఒప్పుకున్న షరతు, ముందు చచ్చి మళ్ళీ పుట్టడం.

ఇక ‘దేవదాసు’ (1953) సంగతి తెలిసిందే. అక్కడ మళ్ళీ పుట్టడం కూడా లేదు. గేటు దగ్గరే ఆగిపోతాడు.

ఇలా చూస్తే మన సినిమాలు అంతస్తుల చిక్కుకి మూడు దారులు కనిపెట్టాయి: అసలు జన్మరహస్యం బయటపడటం, పునర్జన్మ, చావు. ఇవి మూడూ కన్నీళ్ళ దారులే. నవ్వుల దారి ఇంకొకటుంది. మారువేషం. దానికి మకుటం ‘గుండమ్మ కథ’.

*

1962 జూన్‌లో విడుదలైంది. కమలాకర కామేశ్వరరావు దర్శకత్వం, చక్రపాణి పట్టు, డి.వి. నరసరాజు మాటలు. కన్నడంలో వచ్చిన ‘మనె తుంబిద హెణ్ణు’ దీనికి మూలం. ఎన్టీఆర్‌కి నూరో సినిమా, ఏఎన్నార్‌కి తొంభై తొమ్మిదోది. ఇంత చెప్పనవసరం లేదేమో, ఏదో ఒక టీవీ ఛానల్లో ఏదో ఒక ఆదివారం అందరం చూసినవాళ్ళమే.

గుండమ్మకి సొంత కూతురు సరోజ గారాలపట్టి, సవతి కూతురు లక్ష్మి ఇంట్లో జీతం లేని పనిమనిషి. జమీందారు కొడుకులిద్దరు ఈ ఇంటి సంగతి చక్కబెట్టడానికి వస్తారు. పెద్దవాడు అంజి పేరుతో పనివాడిగా చేరి లక్ష్మిని పెళ్ళాడతాడు. చిన్నవాడు రాజా సరోజని పెళ్ళాడి, తనకి డబ్బూ లేదు ఏమీ లేదని నమ్మించి, ఆమె చేత తోటలో కూలిపని చేయిస్తాడు. పొగరు దిగాక తెర తీస్తారు. అందరూ జమీందారు కోడళ్ళే.

ఇందులో నిజంగా గొప్ప సన్నివేశం ఒకటుంది. అంజి రుబ్బురోలు ముందు కూర్చుని, ఆడలోకం మేలుకుందని పాడతాడు. పింగళి పాట, ఘంటసాల సంగీతం. ఆడవాళ్ళ పని మగవాడి చేతిలో, ఆడవాళ్ళ గురించిన పాట మగవాడి నోట్లో. సావిత్రి చూస్తుంటుంది. ఒక ఇంటిపని అంత తీరిగ్గా, అంత అందంగా మన తెరమీద తర్వాత ఎప్పుడు కనబడిందో చెప్పడం కష్టం. మార్కస్ బార్ట్‌లే కెమెరా ఆ పెరటిని కూడా హాలు చూసినంత గౌరవంగానే చూస్తుంది.

కానీ ఒక పనివాడు ఒక పనిపిల్లని పెళ్ళాడటం మనకి ముచ్చటగా ఉన్నది దేనికి? అతను పనివాడు కాదని మనకి ముందే తెలుసు కాబట్టి. ఇక పెళ్ళి తర్వాత సరోజ కూలిపని చేస్తుంటే మనకి నవ్వు వచ్చేది దేనికి? అది శాశ్వతం కాదని తెలుసు కాబట్టి. మారువేషం ప్రేక్షకుడికి ఇచ్చే హామీ అదే. అంతస్తు దాటిన సరదా మొత్తం దక్కుతుంది, మూల్యం మాత్రం కట్టనక్కర్లేదు.

ఈ హామీకి ఇంకో అడుగు కూడా ఉంది, దాని గురించి సినిమా మాట్లాడదు. జమీందారు, గుండమ్మ చనిపోయిన భర్త స్నేహితులు. వియ్యానికి సరిపోయే కుటుంబాలు. అంటే కులం ప్రశ్న మొదటి రీలుకి ముందే తీరిపోయింది. మిగిలింది డబ్బు. డబ్బు గురించి ఎంత పోట్లాడుకున్నా పరవాలేదు, అది ఇంట్లో తగాదా.

ఎప్పుడూ ఇలాగే ఉండేదనుకుంటే పొరపాటు. 1938లో గూడవల్లి రామబ్రహ్మం ‘మాలపిల్ల’ తీశాడు. చలం కథ, తాపీ ధర్మారావు మాటలు, కాంచనమాల నాయిక. బ్రాహ్మణ యువకుడు, మాలపిల్ల. ఆ పిల్ల చివర్లో ఎవరి తప్పిపోయిన కూతురూ అవదు. మొదటి నుంచి చివరిదాకా ఆమె ఆమే. మారాల్సి వచ్చింది అబ్బాయి తండ్రి. అంటే తెలుగు సినిమా టాకీ నేర్చిన ఏడేళ్ళకే ఈ పని వేషం లేకుండా చేసి చూపించింది. తర్వాత పాతికేళ్ళలో నటన పెరిగింది, కెమెరా పెరిగింది, హాస్యం ఎంతో పెరిగింది. ‘కులం’ అన్న మాట మాత్రం నెమ్మదిగా ‘అంతస్తు’లోకి జారిపోయింది. 1965లో ఏకంగా ‘అంతస్తులు’ అనే పేరుతోనే సినిమా వచ్చింది, జాతీయ అవార్డు కూడా తెచ్చుకుంది. నిర్మాత వి.బి. రాజేంద్రప్రసాద్. తర్వాతి కాలంలో ఫిల్మ్‌నగర్‌లో దైవసన్నిధానం గుడి కట్టించింది ఆయనే.

ఇంకో విడ్డూరం. ఈ సినిమాలు తీసినవాళ్ళు చాలామంది వేషం లేకుండా అంతస్తులు దాటినవాళ్ళు. ఎల్.వి. ప్రసాద్ రైతు కుటుంబం నుంచి బొంబాయి వెళ్ళి స్టూడియోల్లో చిల్లర పనులు చేసి పైకొచ్చినవాడు. అక్కినేని కృష్ణా జిల్లా రామాపురంలో చిన్న రైతు ఇంట్లో పుట్టి, పెద్ద చదువు లేకుండానే నాటకాల్లో ఆడవేషాలు కట్టి వచ్చినవాడు. తమ జీవితంలో జరిగినదాన్ని తెర మీద నమ్మశక్యం కాదనుకున్నారో, జనం ఒప్పుకోరనుకున్నారో. తెర మీద పేదవాడు పైకి రావాలంటే అతను ముందునుంచీ పైవాడే అయి ఉండాలి.

*

ఇప్పుడు మళ్ళీ టోక్యోకి. తాయెకో అలిగి, చెప్పకుండా వేరే ఊరు వెళ్ళిపోతుంది. భర్త విదేశం వెళ్తున్నాడని టెలిగ్రామ్ వచ్చినా వేళకి రాదు. వచ్చేసరికి ఇల్లు ఖాళీ. ఆ రాత్రి విమానం ఇంజను చెడి అతను తిరిగొస్తాడు. ఆకలేస్తోందంటాడు. పనిమనిషి పడుకుంది. ఇద్దరూ వంటింట్లోకి వెళ్తారు. గిన్నెలు ఎక్కడున్నాయో ఆమెకి తెలియదు, అతనికీ తెలియదు. వెతుక్కుంటారు. ఆమె ఊరగాయ కుండలో చెయ్యి పెడుతుంటే కిమోనో చేతిని అతను పట్టుకుంటాడు. అన్నంలో టీ పోసుకుని తింటారు. ఆమె ఏడుస్తుంది.

జరిగింది ఇంతే. మోకిచి జమీందారు కొడుకని తేలలేదు. రేపు కూడా అతను మూడో తరగతిలోనే వెళ్తాడు. కథ మొదట్లో ఇద్దరి మధ్య ఎంత తేడా ఉందో చివర్లోనూ అంతే ఉంది. ఆ తేడాతోనే కూర్చుని ఒకే గిన్నె రకం అన్నం తిన్నారు.

ఓజుని ఊరికే నెత్తిన పెట్టుకోవడం నాకిష్టం లేదు. ఇక్కడా దిగిరావాల్సింది భార్యే, సరోజ లాగే. క్షమాపణ ఆమె నోటినుంచే వచ్చింది. మోకిచి మంచితనం కూడా ఒక్కోసారి మరీ సుఖంగా కూర్చున్న మంచితనంలా ఉంటుంది. అయినా ఒక్క విషయంలో ఆయన మన చక్రపాణి కంటే కష్టమైన దారి పట్టాడు. తీసేయడానికి వేషం లేని మనిషిని కథలో పెట్టాడు.

*

నా వేషం సంగతి చెప్పాలిక.

మా నాన్న లైట్‌మ్యాన్. గుడివాడ పక్క పల్లె నుంచి పదిహేడో ఏట మద్రాసు వెళ్ళి, సినిమాలు ఇటు తరలి వస్తుంటే ఒక యూనిట్‌తో హైదరాబాదు వచ్చి కృష్ణానగర్‌లో గది తీసుకున్నాడు. రోజు బేటా మీద బతుకు. షూటింగ్ భోజనాల్లో ఎవరి వరస ఎక్కడో నాకు చిన్నప్పుడే తెలుసు, నాన్న నవ్వుతూ చెప్పేవాడు. నేను ఇంజనీరింగ్ చదివి ఉద్యోగంలో చేరాక, ఆఫీసులో పరిచయమైన అమ్మాయిని పెళ్ళి చేసుకుంటానన్నాను. వాళ్ళిల్లు జూబ్లీహిల్స్‌లో. కులం ఒకటే. అందరూ అదృష్టమన్నారు. ‘గుండమ్మ కథ’లో లాగే పెద్ద ప్రశ్న మొదటి రీలుకి ముందే తీరిపోయింది, తగాదా డబ్బు దగ్గరే ఆగింది.

సంబంధం మాట్లాడటానికి వెళ్ళినప్పుడు మామయ్యగారు అడిగారు, నాన్నగారు ఏం చేస్తుంటారని. ‘సినిమా ఫీల్డండీ, లైటింగ్ డిపార్ట్‌మెంట్’ అన్నాను. అబద్ధం కాదు. కానీ ఆయన చెవికి కెమెరామ్యాన్ అని వినబడేలా అన్నాను. పక్కన కూర్చున్న నాన్న తల ఊపాడు. పెళ్ళిలో నాన్న మండపానికి దూరంగా నిలబడి, ఎలక్ట్రీషియన్ని పిలిచి, పెళ్ళికూతురి మొహం మీద ఫోకస్ తగ్గించమని మెల్లగా చెప్పడం చూశాను. చూసి, ఎవరైనా విన్నారా అని చుట్టూ చూశాను. ఆ చూపు నాకింకా గుర్తుంది.

ఆరేళ్ళు గడిచాయి. మొన్న సంక్రాంతికి అత్తగారింట్లో టీవీలో ‘గుండమ్మ కథ’ వస్తోంది. రుబ్బురోలు పాట అయిపోయింది. అందరూ నవ్వుతున్నారు. నేను ఉన్నట్టుండి అన్నాను, ‘మామయ్యగారూ, మా నాన్న కెమెరామ్యాన్ కాదండీ, లైట్‌మ్యాన్.’

ఆయన టీవీ వైపే చూస్తూ అన్నారు, ‘తెలుసు బాబూ. పెళ్ళికి ముందే వాకబు చేశాంగా. మావాళ్ళకి చెప్పుకోవడానికి నువ్వన్న మాటే బాగుందని ఊరుకున్నాం.’

అంటే వేషం నేనొక్కణ్ణే వెయ్యలేదు. నాకు తెలియకుండా వాళ్ళూ సాయం పట్టారు. నాకు తేలికగా అనిపించాలి కదా, అనిపించలేదు. ఎందుకంటే నేను దాచింది ఇంకొకటుంది. అమ్మ నా ఇంటర్, ఇంజనీరింగ్ రోజుల్లో ఇదే జూబ్లీహిల్స్‌లో ఒకరింట్లో వంట చేసేది. పొద్దున ఆరింటికి కొండెక్కి, మధ్యాహ్నం దిగేది. వాకబులో అదీ తేలిందో లేదో మామయ్యగారు చెప్పలేదు, నేను అడగలేదు.

ఆ వారం కృష్ణానగర్ వెళ్ళి అమ్మకీ నాన్నకీ రెండు సినిమాలూ చూపించాను. ‘గుండమ్మ కథ’ అమ్మకి కంఠతా వచ్చు. అంజి రుబ్బుతుంటే మాత్రం ఒక మాట అంది. ‘ఆయన నాలుగు రోజులు రుబ్బి జమీందారు అయిపోతాడు. లక్ష్మి చిన్నప్పట్నుంచీ రుబ్బుతోంది, దాని మీద ఒక్క పాటైనా పెట్టారా?’

ఇన్ని పేరాలు రాసి నేను చెప్పాలనుకున్నది అమ్మ రెండు వాక్యాల్లో చెప్పేసింది. వేషం వేసినవాడికి దాన్ని తీసేసే వీలుంటుంది. లక్ష్మిది వేషం కాదు. అమ్మదీ కాదు.

జపాన్ సినిమా నాన్న చివరిదాకా చూశాడు, సబ్‌టైటిల్స్ నేను చదివి చెప్తుంటే. వంటింటి సీను రాగానే ముందుకి వంగాడు. ‘ఒక్క బల్బు వెలుగులా కనబడుతోంది చూడు, కానీ ఒక్కటి కాదది. వెనకాల ఎంతమంది నిలబడి ఉంటారో’ అన్నాడు.

అమ్మకి అన్నంలో టీ పోసుకోవడం చూసి నవ్వు ఆగలేదు. తర్వాత అడిగింది, ‘పనిమనిషి ఏదిరా?’

‘పడుకుందమ్మా.’

‘లేపలేదుగా?’

‘లేపలేదు.’

‘నయం’ అంది అమ్మ. ‘నన్నయితే లేపేవాళ్ళు.’